రక్షణ పొందాక కూడా పాపంతో ఈ పోరాటం ఎందుకు?

వందనాలు బ్రదర్.

మీరు రాసింది క్లుప్తంగా ఇది. రెండేళ్ళ కిందట ఊళ్ళో ఉజ్జీవ కూటాల్లో ప్రభువును అంగీకరించారు, బాప్తిస్మం తీసుకున్నారు. మొదటి కొన్ని నెలలు బైబిల్ చేతిలోంచి దింపబుద్ధి కాలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్ళి. ఇప్పుడు ఇంటికి రాగానే భార్య మీద అరుస్తున్నారు, రాత్రి ఆమె నిద్రపోయాక ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నారు, ఏడ్చి ప్రార్థన చేస్తున్నారు, వారం తిరక్కుండానే మళ్ళీ అదే. "నేను నిజంగా తిరిగి జన్మించానా? ఆ రోజు జరిగింది ఉద్వేగమేనా? మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా? ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె తీసుకోవచ్చా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాపంతో పోరాడుతున్నారంటే మీకు రక్షణ లేదని అర్థం కాదు. తిరిగి జన్మించిన రోజున మీ మీద పాపానికున్న అధికారం పోయింది. పాపం మాత్రం మీ శరీరాన్ని వదిలి ఇంకా పోలేదు. అది పూర్తిగా పోయేది ప్రభువు ఈ శరీరాన్ని మార్చే రోజున. ఆ రోజుకూ ఈ రోజుకూ మధ్య బతికే ప్రతి విశ్వాసికీ పోరాటం తప్పదు. కాబట్టి మళ్ళీ బాప్తిస్మం అక్కర్లేదు. పడిన ప్రతిసారీ మొదటికి వెళ్ళి మళ్ళీ రక్షణ పొందాలని చూడటం మానండి, ఆ రోజు మీలో మొదలైన పనిని ముందుకు సాగనివ్వండి. ఊరి సంఘంలో చాలా కాలంగా సేవ చేస్తున్నాను. మీలాంటి కుర్రాళ్ళు వచ్చి ఇదే అడిగినప్పుడు నేను చెప్పేది ఇదే.

మీలో ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు కొంత తెలుసు. మన కూటాల్లో సాక్ష్యాలు వింటాం కదా. "ఫలానా రోజున ప్రభువు నన్ను ముట్టాడు, ఆ రోజు నుంచి మందు ముట్టలేదు, సిగరెట్ ముట్టలేదు" అని. అవి అబద్ధాలు కావు. మా సంఘంలో ఒక డ్రైవర్ ఉన్నాడు, బాప్తిస్మం తీసుకున్నాక మళ్ళీ మందు షాపు గుమ్మం ఎక్కలేదు. కానీ మిగతా కథ ఆయన భార్య చెబుతుంది. మందు మానేశాక కూడా కొన్నేళ్ళ పాటు, సాయంత్రం గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వినపడితే చాలు, పిల్లలు టీవీ కట్టేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళు. సాక్ష్యం చెప్పమన్నప్పుడు అందరూ మందు గురించే అడిగారు. కోపం గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక పాపం ఒక్క రోజులో తెగిపోయింది, ఇంకొకటి ఏళ్ళు పట్టింది. మనిషి ఒకడే, రెండు చోట్లా పని చేసిన దేవుడూ ఒక్కడే. మైకులో మొదటి సగమే వింటూ ఎదిగినవాళ్ళకు రెండో సగం తమ ఇంట్లో ఎదురైతే, "అందరికీ జరిగింది నాకు జరగలేదు" అనిపిస్తుంది. అందుకే పెద్దవాళ్ళను నేను బతిమాలుతుంటాను, సాక్ష్యం చెబితే ఇంకా నడుస్తున్న పోరాటం కూడా కొంత చెప్పండి అని.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. "ఎవడైనను క్రీస్తునందున్నయెడల వాడు నూతన సృష్టి" అని 2 కొరింథీ 5:17లో ఉంది. మీరు ఈ వచనాన్నే పట్టుకుని కుమిలిపోతున్నారు. నిజంగానే చాలా మారింది. దేవుడి ముందు మీరు నిలబడే స్థానం మారింది, నీతిమంతుడిగా తీర్చబడ్డారు. మీ హృదయం కోరుకునేది మారింది. రెండేళ్ళ కిందట ఇదే ఫోన్ చూసి హాయిగా నిద్రపోయేవారు, ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. మీలో పరిశుద్ధాత్మ నివసిస్తున్నాడు. మారనిది శరీరం. ఆత్మ ప్రథమ ఫలాలు పొందిన మనం కూడా దేహ విమోచనం కోసం కనిపెడుతూ లోలోపల మూలుగుతున్నామని పౌలు రోమా 8:23లో రాశాడు. కనిపెడుతున్నామంటే అది ఇంకా రాలేదనే కదా. రోమా 6లో పాత మనిషి క్రీస్తుతో కూడా సిలువ వేయబడ్డాడని చెప్పి, కొన్ని వచనాల తర్వాత "చావునకు లోనైన మీ శరీరమందు పాపమును ఏలనియ్యకుడి" అని హెచ్చరించాడు. పాపం అక్కడ లేకపోతే ఏలనివ్వొద్దని చెప్పాల్సిన అవసరమే లేదు. ఉంటుంది, మళ్ళీ ఏలాలని చూస్తుంది, దానికి లోబడాల్సిన అగత్యం మాత్రం మీకు ఇక లేదు. రక్షణకు ముందు మీకు ఆ పాపాన్ని కాదనే శక్తి లేదు, కాదనాలన్న కోరికా లేదు. ఇప్పుడు ఆ రెండూ ఇవ్వబడ్డాయి.

గలతీ సంఘాలవాళ్ళు విశ్వాసులే, ఆత్మను పొందినవాళ్ళే. వాళ్ళకే పౌలు "శరీరము ఆత్మకును ఆత్మ శరీరమునకును విరోధముగా అపేక్షించును" అని రాశాడు (గలతీ 5:17). లోపల రెండు పక్షాలు ఉంటేనే యుద్ధం. ఆత్మ లేని మనిషికి మనస్సాక్షి గుచ్చవచ్చు, పరువు పోతుందన్న భయం ఉండవచ్చు. కానీ దేవుణ్ణి దుఃఖపెట్టానన్న బాధతో రాత్రి లేచి కూర్చోవడం వేరు.

రోమా 7 గురించి ఒక మాట చెప్పాలి. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నది పౌలు తన విశ్వాస జీవితం గురించి చెప్పాడా, ధర్మశాస్త్రం కింద ఉన్న పాత రోజుల గురించి చెప్పాడా అన్న దాని మీద మొదటి శతాబ్దాల నుంచీ భక్తుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. తొలి శతాబ్దాల గొప్ప బోధకుడు అగస్టీన్ కూడా మొదట ఒకలా బోధించి తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడు. విశ్వాసి గురించే అని నా నమ్మకం, ఎందుకంటే అంతరంగంలో దేవుడి ధర్మశాస్త్రమందు ఆనందిస్తున్నానని అదే అధ్యాయం 22వ వచనంలో అంటాడు. కానీ మీకిచ్చిన జవాబు ఈ ఒక్క అధ్యాయం మీద ఆధారపడలేదు. ఎవరైనా "రోమా 7 నీ గురించి కాదు, నువ్వు ఇంకా 8లోకి రాలేదు" అని భయపెడితే గలతీ 5 చూపించండి. పైగా 8వ అధ్యాయంలోనే, 13వ వచనంలో, శారీర క్రియలను ఆత్మచేత చంపమని ఉంది. ఎనిమిదిలోకి వచ్చినవాడికి కూడా చంపాల్సినవి ఉన్నాయన్నమాట.

మరి దేవుని మూలముగా పుట్టినవాడు పాపం చేయడని 1 యోహాను 3:9 చెబుతోంది కదా అంటారు. అదే పత్రికను మొదటి నుంచి చదవండి. "మనము పాపములేనివారమని చెప్పుకొనినయెడల, మనలను మనమే మోసపుచ్చుకొందుము" అని మొదటి అధ్యాయంలో రాసింది ఆ యోహానే. రెండో అధ్యాయం మొదటి వచనంలోనే, ఎవడైనా పాపం చేస్తే తండ్రి దగ్గర మనకు ఉత్తరవాది, అంటే మన పక్షాన వాదించేవాడు, ఉన్నాడన్నాడు. పాపమే దారిగా, అందులోనే కుదురుకుని బతకడం దేవుని బిడ్డకు సాధ్యపడదని ఆయన భావం. జారి పడటం, పడిన చోటే ఇల్లు కట్టుకోవడం ఒకటి కావు.

పేతురు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఆయన యేసు ఎవరో తెలియదని బొంకిన రాత్రి గురించే మాట్లాడి ఆగిపోతారు. అది పెంతెకొస్తుకు, అంటే శిష్యుల మీదికి ఆత్మ దిగిన రోజుకు, ముందు కాబట్టి, ఆత్మ వచ్చాక పేతురు మారిపోయాడు అంటారు. గలతీ 2 చదవండి. అప్పటికి పేతురు ఆత్మతో నింపబడ్డాడు, ఆయన ప్రసంగానికి వేలమంది మారుమనస్సు పొందారు, యొప్పేలో దర్శనం చూశాడు, కైసరయలో యూదుడు కాని కొర్నేలి ఇంట్లో అడుగుపెట్టి దేవుడు పక్షపాతి కాడని తన నోటితోనే చెప్పాడు. అలాంటి మనిషి అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే మెల్లగా వెనక్కి తగ్గి వేరే పంక్తికి వెళ్ళిపోయాడు. సున్నతి పొందినవాళ్ళకు భయపడ్డాడని వాక్యమే చెబుతోంది. ఆయన్ని చూసి మిగతా యూదులు, చివరికి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ముందూ ముఖాముఖిగా ఎదిరించాడు. ఏం అన్నాడో గమనించండి. "నీకు రక్షణ లేదు, మళ్ళీ బాప్తిస్మం తీసుకో" అనలేదు. నీ నడక సువార్త సత్యానికి తగినట్టు లేదు అన్నాడు. పేతురు అప్పటికే నమ్ముతున్న సువార్తలోకే అతన్ని వెనక్కి పిలిచాడు. మీకూ కావలసింది ఆ పిలుపే.

ఈ సంఘటన మన తెలుగు సంఘాలకు ఇంకో చోట కూడా తగులుతుంది, అది చెప్పకుండా దాటలేను. మనం పాపాలు లెక్కపెట్టేటప్పుడు సినిమా, సిగరెట్, మందు, ఫోన్ మాత్రమే లెక్కపెడతాం. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి "క్రైస్తవులై ఉండాలి" అని రాసి కింద కులం కూడా రాస్తాం. నిలువునా తడిసేలా బాప్తిస్మం తీసుకున్న పెద్దమనిషి కొడుకు పెళ్ళికి కట్నం మాట్లాడి, ఆ పెళ్ళికి కాపరినే పిలిచి ప్రార్థన చేయిస్తాడు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర మాటలు మానేసి పదేళ్ళైనా ఇద్దరూ అదే పాత్రలోంచి ద్రాక్షారసం తాగుతారు. మీరు రాత్రి ఫోన్ గురించి ఏడుస్తున్నారు, మంచిదే. వీళ్ళు ఏడవడం కూడా లేదు. తిరిగి జన్మించినవాళ్ళలో పాపం మిగిలి ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కులం పట్టింపు బాప్తిస్మపు నీళ్ళలో దానంతటదే కరిగిపోలేదు. పంక్తి దగ్గర పేతురును నిలదీసినట్టు ఎవరో ఒకరు నిలదీయాలి, వాళ్ళు ఒప్పుకోవాలి, ఇంట్లో అందరికీ ఇష్టం లేకపోయినా ఒక పెళ్ళి జరగాలి. అలా జరిగిన పెళ్ళిళ్ళు నేను చూశాను, వాటికోసం దేవుణ్ణి స్తుతిస్తాను.

అగస్టీన్ పేరు పైన వచ్చింది కదా. 386లో మిలాన్‌లో ఒక తోటలో రోమా 13:13, 14 చదివి మారినవాడు. మరుసటి ఏడు ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు ఆయన్ని కట్టిపడేసినవి స్త్రీవాంఛలే. పదేళ్ళు పైగా గడిచి, ఉత్తర ఆఫ్రికాలో బిషప్ అయ్యాక తన ఒప్పుకోలు రాస్తూ, మెలకువగా ఉన్నప్పుడు బలం లేని పాత తలపులు నిద్రలో ఇంకా తనను లాగుతున్నాయని దాపరికం లేకుండా దేవుడి ముందు పెట్టాడు. బిషప్‌గారు అలా రాయడం చదివినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ అయితే విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్నాడు. విశ్వాసి ఈ జీవితంలోనే పరిపూర్ణ ప్రేమలోకి రాగలడని బోధించిన, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ కూడా, తిరిగి జన్మించినవాడిలో పాపం మిగిలి ఉంటుంది గానీ ఏలదని 1763లో ఒక ప్రసంగమే రాశాడు. మెదక్ చర్చి కట్టింది ఆయన పరంపరలో వచ్చిన మిషనే. కాబట్టి "సంపూర్ణ పరిశుద్ధత వచ్చేసింది, నాలో పాపమే లేదు" అని ఎవరైనా స్టేజీ మీద అంటే నేను ఆయన ఇంట్లోవాళ్ళ మాట విన్నాకే నమ్ముతాను.

ఇక హెచ్చరిక. ఇప్పటిదాకా చెప్పిన ఓదార్పు పోరాడేవాడికే, పాపంతో రాజీపడ్డవాడికి కాదు. "శరీరం బలహీనం బ్రదర్, ఏం చేస్తాం" అని నవ్వేసేవాడి చేతిలో ఈ ఉపదేశం విషం అవుతుంది. ఏడుపును కూడా నమ్మలేం. ఒకాయన ప్రతి సంవత్సరం కూటాల్లో ముందుకొచ్చి మోకాళ్ళ మీద ఏడ్చేవాడు. చీటీల డబ్బు ఎగ్గొట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ డబ్బు వెనక్కి ఇచ్చే మాట ఎత్తితే మాత్రం కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయేవాడు. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య ఏడ్చాడని లూకా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని అన్నాడని రాశాడు. దైవచిత్తానుసారమైన దుఃఖం, లోక సంబంధమైన దుఃఖం అని 2 కొరింథీ 7:10 రెండుగా విడదీస్తుంది. దొరికిపోతానేమోనన్న దుఃఖం ఫోన్ హిస్టరీ చెరిపేయగానే తగ్గిపోతుంది. మీది ఏదో మీరే పరీక్షించుకోవాలి. మీ ఉత్తరాన్ని బట్టి మీది మొదటి రకమే అనిపిస్తోంది, ఎందుకంటే ఎవరికీ తెలియని దాన్ని మీరే బయటపెట్టారు.

మళ్ళీ బాప్తిస్మం ఎందుకు వద్దంటున్నానంటే, మూడు వేర్వేరు సంఘాల్లో మూడుసార్లు బాప్తిస్మం తీసుకున్న ఒక కుర్రాడు నాకు తెలుసు. ప్రతిసారీ కాలువలోంచి పైకి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోయేది. కొన్ని నెలలు బాగుండేవాడు. కానీ అదే గది, అదే ఫోన్, అదే ఒంటరి రాత్రి, ఎవరికీ చెప్పని అదే రహస్యం. మొదటిసారే ప్రభువు అతన్ని అంగీకరించాడు, లోపం అక్కడ లేదు. ఆ తర్వాత రోజువారీ చేయాల్సిన పని ఎవరూ నేర్పలేదు. కడవరి భోజనం దగ్గర పేతురు కాళ్ళు కడగొద్దన్నాడు, తర్వాత చేతులు, తల కూడా కడగమన్నాడు. అప్పుడు ప్రభువు చెప్పిన మాట (యోహాను 13:10) మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. స్నానం చేసినవాడు పాదాలు తప్ప ఇంకేమీ కడుక్కోనక్కర్లేదు, అతడు పవిత్రుడే. మీ స్నానం అయిపోయింది. దుమ్ములో నడుస్తున్నారు కాబట్టి కాళ్ళు రోజూ కడుక్కోవాలి. పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమించి పవిత్రులుగా చేస్తాడన్న 1 యోహాను 1:9 ఆ రోజువారీ కడుగుడు గురించే.

చేయాల్సిన పని గురించి చెబుతాను. మీ పరిస్థితికి సరిపోయేవే.

ఆ తోటలో అగస్టీన్ చదివిన వచనం, శరీరేచ్ఛలు నెరవేర్చుకోవడానికి శరీరం విషయమై ఆలోచన చేసికొనకుడి అంటుంది. అంటే ఏర్పాట్లు చేసిపెట్టొద్దని. మంచం పక్కన ఛార్జర్ పెట్టుకోవడం ఒక ఏర్పాటే. మా సంఘంలో మీ వయసు కుర్రాడు ఒకడు ఉపవాసాలు చాలా చేశాడు, రాత్రంతా ప్రార్థన చేశాడు, నెగ్గలేదు. చివరికి ఫోన్ ఛార్జర్ తీసుకెళ్ళి వంటింట్లో ఫ్రిజ్ పక్క ప్లగ్‌కు పెట్టాడు. పొద్దున లేవడానికి వేరే అలారం గడియారం కొనుక్కున్నాడు. పది దాటితే ఫోన్ వంటింట్లో, తను పడకగదిలో. అప్పటిదాకా చేసిన ప్రార్థనలు వృథా అయ్యాయని అనను. ఆ ఛార్జర్ తీసే తెగింపు వాటికి వచ్చిన జవాబే. కన్ను అభ్యంతరపరిస్తే పెరికివేయమన్న ప్రభువు ప్లగ్ మార్చమంటే మరీ ఎక్కువ అడిగినట్టు కాదు.

పోరాటం మొదట్లోనే చేయాలి. దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు 1:15 చెబుతుంది. స్క్రీన్ మీద అది తెరుచుకున్నాక ప్రార్థించడం కంటే, "ఇవాళ అలసిపోయాను, ఒంటరిగా ఉన్నాను, చెయ్యి ఫోన్ వైపు పోతోంది" అని గుర్తించిన క్షణంలో పైకే గొంతెత్తి "ప్రభువా, ఇప్పుడు కావాలి" అనడం చాలా తేలిక. ఆత్మచేత చంపడం అంటే ఏదో పెద్ద అనుభూతి అనుకోవద్దు. నా అనుభవంలో ఎక్కువసార్లు అది ఇలాంటి చిన్న కేకే, ఆ వెంటనే అక్కడినుంచి లేచి వెళ్ళిపోవడమే.

ఒక్క మనిషికి చెప్పండి. మీ పాపాలను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అని యాకోబు 5:16. అందరికీ చెప్పమని అనడం లేదు. వాట్సాప్ ప్రార్థన గ్రూపులో అసలు వద్దు. "ఫలానా బ్రదర్ కోసం ప్రార్థించండి" అని మొదలై సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, అలా నలిగిపోయినవాళ్ళను చూశాను. మీకన్నా వయసులో పెద్దవాడు, మగవాడు, మీరు చెప్పింది తన భార్యకు కూడా చెప్పడని మీకు నమ్మకం ఉన్నవాడు ఒకరు చాలు. పడిన మర్నాడు ఆయనకు ఫోన్ చేయాలి అన్న ఒప్పందం ఉంటే పడటం తగ్గుతుంది. దాచిపెట్టేవాడు వర్ధిల్లడని సామెతలు 28:13 చెప్పింది ఊరికే కాదు.

కోపం విషయంలో, ఎప్పుడు వస్తోందో చూడండి. మీరే రాశారు, ఆఫీసు నుంచి గంటన్నర ట్రాఫిక్ దాటి వచ్చాక అని. ఇంటి తలుపు తీసే ముందు మెట్ల మీద ఐదు నిమిషాలు కూర్చుని ఒక కీర్తన చదివి లోపలికి వెళ్ళండి. అరిచాక క్షమాపణ అడిగితే "ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించు" అనొద్దు. "అన్నం విషయంలో నిన్ను మీ అమ్మానాన్నలను ఎత్తి తిట్టాను, అది పాపం, క్షమించు" అని చేసినది చేసినట్టు చెప్పండి. అలా చెప్పడం మొదలుపెట్టినవాళ్ళలో నోరు జారడం తగ్గడం చూశాను, ఎందుకంటే మళ్ళీ ఆ మాటలు పైకి చెప్పాల్సి వస్తుంది. ఒకవేళ చెయ్యి కూడా లేస్తుంటే, అది రాయలేదు గానీ అడుగుతున్నాను, అప్పుడు ముందు ఆలోచించాల్సింది మీ పోరాటం గురించి కాదు, ఆమె క్షేమం గురించి. ఇంట్లో పెద్దవాళ్ళకు వెంటనే తెలియాలి. ఈ జవాబు చదివే అక్కచెల్లెళ్ళలో ఎవరైనా అలాంటి ఇంట్లో ఉంటే, "భర్త ఇంకా ఎదుగుతున్నాడు, ఓర్చుకో" అన్న సలహా వినొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

కొందరు మిమ్మల్ని "కోపపు ఆత్మ పట్టింది, నూనె రాయించుకో" అంటారు. దయ్యాలు ఉన్నాయని నేను నమ్ముతాను. కానీ కామవికారాలు, మత్సరం, అహంకారం లోపలినుంచి, మనుషుల హృదయంలోనుంచి వస్తాయని మార్కు 7లో చెప్పింది ప్రభువే. లోపలిదాన్ని బయటి ఆత్మ మీదికి నెట్టేస్తే, ఒప్పుకోవాల్సిన అవసరం తప్పినట్టే ఉంటుంది, సీసా ఖాళీ అయ్యాక పాపం అక్కడే ఉంటుంది.

డాక్టర్ అవసరమైన చోట డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. రోజూ బాగా తాగే మనిషి కూటాల్లో మారి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చలించడం రావచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అది సాతాను దాడి అని గదిలో పెట్టి ప్రార్థన చేస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళి అక్కడ ప్రార్థన చేయండి. అలాగే దేవదూషణ తలపులు వద్దన్నా బుర్రలో తిరుగుతూ, వందసార్లు క్షమాపణ అడిగినా నెమ్మది రాని వాళ్ళుంటారు. చాలాసార్లు అది జబ్బు, మందులతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడతారు. వీటికి వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

తగ్గుతుందా అని అడుగుతారు. తగ్గుతుంది. ఆ డ్రైవర్ పిల్లలు ఇప్పుడు తండ్రి వస్తే టీవీ కట్టేయరు. కానీ మీరు ఎదురుచూసే తీరులో కాకపోవచ్చు. పడటానికీ లేవడానికీ మధ్య ఎడం తగ్గడం మొదట కనిపిస్తుంది. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడని సామెతలు 24:16 అంటుంది. తర్వాత, ఇదివరకు పాపమని తోచనివి పాపంగా కనిపిస్తాయి, దాంతో వెనక్కి పోతున్నామని భయం వేస్తుంది. పౌలు కొరింథీయులకు రాస్తూ అపొస్తలుల్లో తక్కువవాడినన్నాడు, ఎఫెసీయులకు రాస్తూ పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణన్నాడు, తిమోతికి రాస్తూ పాపుల్లో ప్రధానుణ్ణన్నాడు. ఆయన దిగజారిపోయాడని ఎవరూ అనరు కదా. వెలుగు దగ్గరికి పోయేకొద్దీ ఎక్కువ కనిపించింది.

దేవుడు ఒక్కసారే ఎందుకు తీసేయడు అన్నదానికి పూర్తి జవాబు వాక్యంలో నాకు కనిపించలేదు. కనానులో జనాలను ఒక్కసారే వెళ్ళగొట్టక క్రమక్రమంగా తొలగిస్తానని ద్వితీయోపదేశకాండం 7:22లో ఇశ్రాయేలుకు చెప్పాడు. దేవుడు ఇచ్చేసిన దేశమే, అయినా అడుగడుగునా పోరాడి స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. నేను చూసినంతవరకు, ఒక్క రోజులో అన్నీ వదిలినవాళ్ళలో కొందరు పడినవాళ్ళ మీద చాలా కఠినంగా ఉంటారు. ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళ దగ్గరికి పడినవాళ్ళు ధైర్యంగా వెళ్ళగలుగుతారు.

ఆఖరుగా రొట్టె సంగతి. చాలామంది ఆ వారం పడ్డారని బల్ల దగ్గరికి రాకుండా వెనక కూర్చుండిపోతారు, కొందరు అలాగే నెలలు గడిపేసి చివరికి సంఘానికే రావడం మానేస్తారు. 1 కొరింథీ 11:28 చదవండి. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగు చేసి ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది త్రాగవలెను అని ఉంది. పరీక్షించుకుని తినమన్నాడు, మానుకోమనలేదు. అయితే బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి 5:24 అంటుంది. మీ విషయంలో ఆ సహోదరుడి స్థానంలో ఉన్నది మీ భార్య. ఆదివారం పొద్దున బయల్దేరేముందు, బండి తీయకముందే, ఆమెతో ఆ మాట మాట్లాడండి. ఆమె వెంటనే క్షమించినా, కొన్నాళ్ళు టైమ్ కావాలన్నా మీరు చేయాల్సింది మీరు చేసినట్టే. తర్వాత ఇద్దరూ వెళ్ళి రొట్టె తీసుకోండి.